ప్రార్థనా క్రమం: క్రైస్తవ సంప్రదాయం

ప్రార్థనను మనసు పుట్టినప్పుడు చేసే పనిగా వదిలేయకుండా, రోజులో ఫలానా వేళకు, ఫలానా చోట, ఒక పద్ధతిలో చేసేలా క్రైస్తవులు ఏర్పరచుకున్న అలవాట్లన్నిటినీ కలిపి ప్రార్థనా క్రమం అంటారు. మఠాల్లో వేళల వారీగా సాగే కీర్తనల పఠనం, కతోలికుల జపమాల, తూర్పు సంఘాల యేసు ప్రార్థన, ప్రొటెస్టంట్ల ఏకాంత ధ్యానం, తెలుగు ఇళ్లలో పడుకునే ముందు జరిగే కుటుంబ ప్రార్థన ఇవన్నీ దాని రూపాలే. రెండు వేల ఏళ్ల ఈ చరిత్రలో చాలాకాలం నిలబడ్డ పద్ధతులేవీ మనిషి మనోబలాన్ని నమ్ముకుని కట్టినవి కావు. మనసు చెదురుతుందని, నిద్ర ముంచుకొస్తుందని, విసుగు పుడుతుందని ముందే ఒప్పుకుని గంట, పుస్తకం, పూసలు, పక్కన మరో మనిషి వీటి ఆసరాతో కట్టుకున్నవి.

యూదుల వేళలు, తొలి సంఘం

వేళ పెట్టుకుని ప్రార్థించడం క్రైస్తవులు కొత్తగా కనిపెట్టింది కాదు. దానియేలు రోజుకు మూడుసార్లు యెరూషలేము వైపు తెరిచిన కిటికీల దగ్గర మోకరించేవాడని దానియేలు గ్రంథం (6:10) చెబుతుంది. సాయంత్రం, ఉదయం, మధ్యాహ్నం మొరపెట్టడం గురించి 55వ కీర్తనలో ఉంది. రోజుకు ఏడుసార్లు స్తుతించడం గురించి 119వ కీర్తనలో ఉంది. పేతురు, యోహాను దేవాలయానికి వెళ్లింది పగలు మూడు గంటల ప్రార్థన వేళకేనని అపొస్తలుల కార్యములు (3:1) వేళతో సహా నమోదు చేసింది. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంత స్థలానికి వెళ్లడం మార్కు సువార్త (1:35)లో కనిపిస్తుంది. తరువాతి కాలంలో తెల్లవారుజామున లేవాలని బోధించిన ప్రసంగీకులు తరచు ఆ వచనాన్నే చూపించారు.

కొత్త నిబంధనకు బయట దొరికే అతి పాత క్రైస్తవ నియమావళి ‘డిడాకే’. దీని రాతప్రతిని ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో గుర్తించాడు. ప్రభువు నేర్పిన ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పాలని, బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండాలని అందులో ఉంది. ఎంతసేపు, ఎంత భక్తితో అన్న ప్రస్తావన లేదు. మూడుసార్లు, అంతే. సుమారు 200 నాటి ఉత్తర ఆఫ్రికా రచయిత తెర్తుల్లియన్ పొద్దున, రాత్రి ప్రార్థనలతో పాటు పగటి తొమ్మిది, పన్నెండు, మూడు గంటల వేళలను కూడా పాటించమన్నాడు.

ఎడారిలో మధ్యాహ్నం

విసుగును శత్రువుగా గుర్తించి, దాని ఆనుపానులు రాసి పెట్టినవారు నాలుగో శతాబ్దపు ఈజిప్టు ఎడారి సన్యాసులు. వారిలో ఎవాగ్రియస్ (సు. 345–399) రాసిన వర్ణన ఈ విషయంలో ఇప్పటికీ సాటి లేనిది. పొద్దున పది దాటగానే సన్యాసికి సూర్యుడు కదలనట్టు, రోజు యాభై గంటలున్నట్టు అనిపిస్తుందట. మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. కుటీరం బయటికొచ్చి, భోజనం వేళకు ఇంకా ఎంత పొద్దుందో అంచనా వేస్తాడు. తోటి సన్యాసి ఎవరైనా పలకరించడానికి వస్తున్నాడేమోనని అటూ ఇటూ చూస్తాడు. తరువాత ఈ చోటే బాగాలేదని, ఈ మనుషులకు ప్రేమే లేదని, మరో ఊరైతే భక్తి సులువుగా కుదురుతుందని అనుకోవడం మొదలుపెడతాడు. మధ్యాహ్నం రెండింటికి ఈ పోరు సద్దుమణుగుతుంది. చేతిలో ఫోను లేని మనిషి గురించి పదహారు వందల ఏళ్ల కిందట రాసిన మాటలివి.

దీనికి ఎడారి పెద్దలు చెప్పిన మందు మరింత తీవ్రమైన భక్తి కాదు. ఆంథోనీ (మరణం 356) ఒకసారి ఇలాగే నీరసించి కూర్చున్నప్పుడు తనలాంటి మనిషే ఒకడు కనిపించాడట. ఆ మనిషి కూర్చుని తాడు పేనుతున్నాడు, లేచి ప్రార్థించాడు, మళ్లీ కూర్చుని తాడు పేనాడు, మళ్లీ లేచాడు. ఇలా చెయ్యి, నిలబడతావు అన్న మాట వినిపించిందని ఎడారి పెద్దల సూక్తుల సంపుటాలు చెబుతాయి. అందులో ఉన్న ఉపాయం చేతిపనికీ ప్రార్థనకూ వంతులు వేయడం, రెండింటినీ చిన్న ముక్కలుగా ఉంచడం.

ఈజిప్టులో నేర్చుకున్నదాన్ని పడమటి దేశాలకు మోసుకుపోయిన జాన్ కాసియన్ (సు. 360–435) మరో సాధనం చెప్పాడు. దేవుణ్ణి సహాయానికి త్వరపెట్టే ఒక్క కీర్తన వచనాన్ని (70:1) నిద్రలో, నడకలో, పనిలో, శోధనలో పట్టుకు వేలాడమన్నాడు. మనసు ఊరికే ఉండలేదు కాబట్టి దానికో పని అప్పగించడం ఇది. తూర్పున యేసు ప్రార్థనగా పెరిగిన ఆచారానికీ దీనికీ దగ్గరి చుట్టరికం ఉంది.

గంట మోగగానే

ఇటలీలోని మోంటె కసీనో మఠానికి పెద్దగా ఉన్న బెనెడిక్టు సుమారు 530లో రాసిన నియమావళి పాశ్చాత్య క్రైస్తవ ప్రార్థనకు వేళాపట్టిక ఇచ్చింది. పగలు ఏడు వేళలు, రాత్రి ఒకటి. 150 కీర్తనలూ వారం తిరిగేసరికి పూర్తి కావాలి. మన పెద్దలు ఒక్క రోజులో చేసినదాన్ని మనం వారానికైనా చేద్దాం అన్న ధోరణిలో ఆయన చిన్న చురక కూడా వేశాడు.

ఆ పుస్తకాన్ని నిలబెట్టింది మాత్రం పట్టిక కాదు, మనుషుల మీద ఆయనకున్న అంచనా. గంట వినగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి రావాలని 43వ అధ్యాయం శాసిస్తుంది. ఆ వెంటనే, రాత్రి ప్రార్థన మొదట్లో వచ్చే కీర్తనను నెమ్మదిగా, సాగదీసి పాడమంటుంది. ఆలస్యమైనవాడు పరుగున వచ్చి అందుకోవడానికి! అప్పటికీ రానివాడు తన చోట కాక అందరికీ కనిపించే చోట, చివర నిలబడాలి. బయటే ఆపేస్తే కుదరదా అంటే కుదరదు: బయట వదిలేస్తే వెళ్లి మళ్లీ పడుకునేవాడో, కూర్చుని కబుర్లు చెప్పేవాడో ఉంటాడు, లోపలికి వస్తే ఎంతో కొంత దక్కుతుంది అని బెనెడిక్టు లెక్క. 22వ అధ్యాయంలో తెల్లవారకముందే లేచేటప్పుడు ఒకరినొకరు మెల్లగా ప్రోత్సహించుకోమన్నాడు, ఎందుకంటే నిద్రమత్తులో ఉన్నవాళ్లకు సాకులు ఎక్కువ. సొంత ప్రార్థన పొట్టిగా, స్వచ్ఛంగా ఉంటే చాలునని 20వ అధ్యాయం చెబుతుంది. ఆయన కఠినంగా ఉన్నది రావడం విషయంలో. వచ్చాక ఎంత ఆవేశంగా ప్రార్థించారన్నది ఆయన కొలవలేదు.

చదువును ప్రార్థనగా మార్చే పద్ధతికి మెట్లు కట్టినవాడు పన్నెండో శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండవ గీగో. వాక్యం చదవడం, నెమరువేయడం, దాన్నే పట్టుకుని అడగడం, చివరకు మాటలు మాని నిలిచిపోవడం అని నాలుగు మెట్లు. నేడు కతోలికులే కాక ప్రొటెస్టంట్లు కూడా ధ్యాన శిబిరాల్లో నేర్పేది ఎక్కువగా ఇదే.

పూసలు, ముడులు

చదువు రాని వాళ్లకు 150 కీర్తనలు ఎలా? ఆ లోటు తీర్చింది జపమాల. 150 కీర్తనలకు బదులు 150 మంగళవార్త జపాలు, పదేసి చొప్పున, ప్రతి పదికీ క్రీస్తు జీవితంలోని ఒక ఘట్టం. దీని రూపాన్ని అయిదవ పయస్ పోపు 1569లో స్థిరపరిచాడు. రెండవ జాన్ పాల్ 2002లో మరో అయిదు ఘట్టాలు కలిపాడు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గుడిగంటతో కలిసి చెప్పే త్రికాల జపం కూడా ఇలాంటిదే. పొలంలో ఉన్నవాడు మఠంలోకి వెళ్లలేడు కనుక మఠం గంటే పొలంలోకి వచ్చింది.

తూర్పు సంఘాల్లో పూసల స్థానంలో ఉన్ని ముడుల తాడు ఉంటుంది. యేసును పిలిచి పాపినైన నన్ను కరుణించమని అడిగే ఒక్క వాక్యమే ఆ ప్రార్థన. ఈ సాధనపై శతాబ్దాలుగా వచ్చిన రచనలను గ్రీకు సన్యాసులు ‘ఫిలోకాలియా’ పేరుతో 1782లో వెనిస్‌లో అచ్చువేయించారు. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ పుస్తకం ‘ఒక యాత్రికుని మార్గం’లో విడవకుండా ప్రార్థించడం ఎలాగని అడిగిన యాత్రికుడికి గురువు సిద్ధాంతం చెప్పడు. రోజుకు మూడు వేల సార్లు అనమంటాడు. తరువాత ఆరు వేలు, ఆపైన పన్నెండు వేలు. ఇలాంటి లెక్క గురువు తోడు లేకుండా తలకెత్తుకోవద్దన్న హెచ్చరిక ఆ సంప్రదాయంలోనే గట్టిగా ఉంది.

మంగలికి రాసిన ఉత్తరం

మార్టిన్ లూథర్ 1535లో తన మంగలి పీటర్ కోసం ప్రార్థన చేసే విధానం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పొద్దున మొదటి పని, రాత్రి చివరి పని ప్రార్థన కావాలన్నాడు. కాసేపాగు, ముందు ఈ పని చూసి, ఆ పని చూసి ఒక గంటలో ప్రార్థిద్దాం అనే ఆలోచనను దగ్గరికి రానీయవద్దన్నాడు. ఆ ఒక్క పని మరో పనిని పుట్టించి రోజంతా మింగేస్తుంది కనుక. పది ఆజ్ఞలలో ఒక్కొక్కదాన్ని తీసుకుని నాలుగు పోగుల దండ అల్లమన్నాడు: ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఎక్కడ తప్పాను, ఏమి అడగాలి. మంచి మంగలి కత్తి మీదా వెంట్రుక మీదా కన్ను ఉంచకపోతే గడ్డం గీయించుకునేవాడి గొంతే తెగుతుందని, ఏకాగ్రతకు పీటర్ వృత్తినుంచే ఉదాహరణ ఇచ్చాడు. అదే ఏడాది ఈస్టరు రోజుల్లో పీటర్ తాగిన మత్తులో అల్లుణ్ణి పొడిచి చంపి ఊరి నుంచి వెలి అయ్యాడు. మంచి పద్ధతి చేతిలో ఉండడానికీ మనిషి మారడానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ పుస్తకాన్ని మెచ్చుకునేవారు తరచు చెప్పరు.

లూథర్ రోజుకు మూడు గంటలు ప్రార్థించేవాడన్న మాట మన ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. దాని మూలం 1530లో ఆయన కోబుర్గ్ కోటలో ఉన్నప్పుడు వెంట ఉన్న వైట్ డీట్రిష్ రాసిన ఉత్తరం. మామూలు గృహస్థుకు లూథర్ పెట్టిన నియమం చాలా చిన్నది. 1529 నాటి చిన్న కేటికిజం (ప్రశ్నోత్తర బోధ)లో పొద్దున లేవగానే విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, ఒక చిన్న మనవి. ఆ తరువాత సంతోషంగా పనికి వెళ్లు. రాత్రి అదే వరుస. ఆ తరువాత వెంటనే నిద్రపో. కాల్విన్ తన ‘క్రైస్తవ మత స్థాపన’ గ్రంథంలో లేవగానే, పనికి ముందు, తినే ముందు, తిన్నాక, పడుకునే ముందు అని అయిదు వేళలు సూచించాడు. అప్పు తీర్చినట్టు ఆ వేళలు తీర్చేసి మిగతా రోజుకు సెలవు పుచ్చుకోవద్దని కూడా అన్నాడు.

ఇంగ్లండులో థామస్ క్రాన్మర్ 1549 నాటి సామాన్య ప్రార్థనల గ్రంథంలో మఠాల ఎనిమిది వేళలను ఉదయ, సాయంకాల ఆరాధనలుగా కుదించి, కీర్తనలను నెలకొకసారి పూర్తయ్యేలా పంచాడు. పాత పుస్తకాల్లో చదవాల్సింది ఎక్కడుందో వెతకడమే చదవడం కంటే పెద్ద పని అయిపోయిందని ముందుమాటలో ఫిర్యాదు చేశాడు.

కతోలిక పక్షాన ఇగ్నేషియస్ లొయోలా ‘ఆధ్యాత్మిక సాధనలు’ 1548లో పోపు ఆమోదం పొందింది. అందులో ఆత్మపరిశీలనకు గీతల పట్టిక ఉంటుంది. వదిలించుకోవాలనుకున్న ఒక్క లోపాన్ని ఎంచుకుని, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఎన్నిసార్లు తప్పామో అన్ని చుక్కలు పెట్టాలి. వారంలో ఒక్కో రోజుకూ గీత పొట్టిదవుతూ పోతుంది, చుక్కలు తగ్గుతాయన్న ఆశతో. మనసు ఎండిపోయి, ప్రార్థన గంట ఎప్పుడవుతుందా అనిపించిన రోజున ముందే లేచిపోకుండా గంట మీద ఇంకాస్త ఎక్కువ కూర్చోమన్నాడు. అలాంటి రోజులు సన్యాసిని తెరెసా (1515–1582)కు ఏళ్ల తరబడి ఉన్నాయి. ఆవిలా మఠంలో తాను ప్రార్థనలో ఉండడం కంటే గడియారం ఎప్పుడు కొడుతుందా అని చెవులు రిక్కించడమే ఎక్కువని ఆమె స్వీయచరిత్రలో రాసుకుంది. తరువాత ఆమే ప్రార్థన విషయంలో సంఘానికి ఆచార్యురాలైంది.

ఏకాంత గదిలోకి

మఠాలు మూతపడ్డ ప్రొటెస్టంట్ ప్రాంతాల్లో ఇళ్లు, చిన్న బృందాలు ఆ పనిలో కొంత ఎత్తుకున్నాయి. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ శరణార్థులు 1727 ఆగస్టులో ఒక ఒప్పందం చేసుకున్నారు. 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు రోజులో గంటగంటకూ వంతు వేసుకుని ప్రార్థించాలి. ఆ వంతు నూరేళ్లకు పైగా నడిచింది. ఒక్కొక్కరి మీద పడ్డ భారం గంటే. అదే ఊళ్లో మొదలైన దినవాక్య పుస్తకం 1731 నుంచి ఏటా అచ్చవుతూనే ఉంది.

ఆక్స్‌ఫర్డ్‌లో వెస్లీ సోదరుల చుట్టూ 1729లో చేరిన విద్యార్థులను తోటివారు ‘మెథడిస్టులు’ అని వెక్కిరించింది ఈ క్రమం చూసే. జాన్ వెస్లీ తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాడు, బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండేవాడు. డిడాకే ప్రతి ఇంకా బయటపడకముందే! పాత సంఘం ఆచారాలు చదివి ఆ రోజులు పట్టుకున్నాడు.

పందొమ్మిదో శతాబ్దంలో బరువు క్రమంగా ఒంటరి మనిషి మీదికి జారింది. స్కాట్లండ్ పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘానికి ఇచ్చిన పట్టిక ప్రకారం ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. పిల్లల కోసం 1867లో లండన్‌లో మొదలైన సంస్థ 1879లో దినపఠన కార్డులు ఇచ్చి ‘స్క్రిప్చర్ యూనియన్’గా ఎదిగింది. బ్రిస్టల్ అనాథాశ్రమాల జార్జ్ ముల్లర్ (1805–1898) 1841లో రాసుకున్న సంగతి ఈ తరంలో చాలా పనికొచ్చింది. అంతకు ముందు లేవగానే ప్రార్థనకు కూర్చుంటే పావుగంట, అరగంట మనసు ఎక్కడెక్కడో తిరిగేదట. ముందు వాక్యం తీసి, చదువుతూ, చదివినదాని మీదే ప్రార్థించడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది దాదాపు పోయిందన్నాడు. గీగో మెట్లే మళ్లీ మరో దారిన వచ్చాయి. ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ ప్రారంభించారు. ఆ సంఘాల్లో బైబిలు ముందు పెట్టుకుని ప్రార్థించే అలవాటుకు వేర్లు ముల్లర్, గ్రోవ్స్‌ల వైపున్నాయి.

గంట, తోటి సన్యాసి, వంతు ఏవీ లేకుండా ‘నీవూ నీ బైబిలూ’ అన్న ఈ ఏర్పాటు చాలామందికి మేలు చేసింది. తప్పిన రోజున వచ్చే అపరాధభావాన్ని కూడా అదే పెంచింది. మఠంలో ఆలస్యమైనవాడికి చివర నిలబడే చోటైనా ఉంది. ఒంటరి గదిలో అదీ లేదు.

తెలుగు నాట

తెలుగు క్రైస్తవుల జ్ఞాపకంలో ప్రార్థన అనగానే మెదిలే స్థలాల్లో ఒంగోలు ప్రార్థన కొండ ఒకటి. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు అక్కడ మోకరించి ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని అడిగారు. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కథ అద్భుతమే కానీ, సంఘాన్ని రోజువారీగా నడిపింది కొండ మీది ఒక్క తెల్లవారుజాము కాదు. పల్లెల్లో పంతులు గారు రోజూ రాత్రి నడిపిన ప్రార్థన. వి. ఎస్. అజరయ్య 1912లో బిషప్పు అయిన దోర్నకల్ అధ్యక్ష మండలంలో కొత్త విశ్వాసులకు ముందుగా నేర్పిన పాఠాల్లో ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు ఉన్నాయి. చదువు రాని కూలీలు వాటిని నోటికి నేర్చుకున్నారు. పగలంతా పొలంలో ఉండేవారు కనుక కూడేది పనులయ్యాకే.

ఇంటి ప్రార్థన రూపం ఏ మిషను సంఘమైనా ఇంచుమించు ఒకటే. చాప మీద అందరూ కూర్చుంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట, వరుసలో వచ్చిన అధ్యాయం, పిల్లలతో తలో వచనం చెప్పించడం, ఇంటి పెద్ద ప్రార్థన, చివర అందరూ కలిసి ప్రభువు ప్రార్థన. వచనం వంతు రాగానే తడుముకోకుండా యోహాను 11:35 అప్పగించే పిల్లవాడు ప్రతి ఇంట్లో ఉంటాడు, తెలుగు బైబిలులో అది మూడు మాటలే మరి. అధ్యాయం పొడుగైతే సగంలో ఆపడం, పిల్లలు తూలుతుంటే చరణాలు తగ్గించడం తెలిసిన తల్లుల ఇళ్లలోనే ఈ అలవాటు తరాలు దాటింది.

వారానికోసారి ఒక్కో ఇంట జరిగే కాటేజీ ప్రార్థన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకో రాత్రి జాగరణ, శ్రమదినాల్లో నలభై రోజుల కూడికలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఇవన్నీ కలిసి తెలుగు ప్రొటెస్టంట్ల వేళాపట్టిక. ఉపవాస ప్రార్థనలకు స్త్రీలే ఆయువుపట్టు. కతోలికులకు అక్టోబరు జపమాల మాసం, తపస్కాలంలో సిలువ మార్గం, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవం ఉన్నాయి.

ఈ నేల మీద పుట్టిన రెండు ఉద్యమాలు తమ ముద్ర వేశాయి. ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో ప్రారంభించిన బైబిలు మిషను ‘సన్నిధి’ని నేర్పింది. ఒప్పుకోలు, స్తుతి ముగించి, అడగడం కూడా ఆపి, మౌనంగా దేవుని కోసం కనిపెట్టడం దాని సారం. హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా భక్త్ సింగ్ (1903–2000) సంఘాలు ప్రతి నిర్ణయానికీ ముందు మోకాళ్ల మీద కనిపెట్టడాన్ని అలవాటు చేశాయి.

ఆచరణలోని సామాన్యాంశాలు

ఇన్ని శాఖల్లోనూ మళ్లీ మళ్లీ కనిపించే సలహాలు కొద్దే. వేళను మరో స్థిరమైన పనికి తగిలించడం: లేవడం, దీపం పెట్టడం, పడుకోవడం. చోటు మార్చకపోవడం. సొంత మాటలు రాని రోజున కీర్తన గానీ, అచ్చు ప్రార్థన గానీ నిస్సంకోచంగా వాడుకోవడం. ఎవరెవరి కోసం ప్రార్థించాలో చిన్న పుస్తకంలో రాసుకుని వారం మీద పంచడం, లేకపోతే జాబితా పెరిగి చదవడమే ప్రార్థన అవుతుంది. మనసు చెదిరితే చెదిరిన సంగతినే ప్రార్థనలోకి తీసుకోవడం. వీటన్నిటికంటే పాతది, ఎక్కువ పనిచేసేది, మరొకరితో కలిసి చేయడం. వ్యవధి దగ్గర మాత్రం పెద్దల్లో ఏకాభిప్రాయం లేదు. బెనెడిక్టు పొట్టి ప్రార్థన చాలన్నాడు, ఇగ్నేషియస్ గంట తప్పనీయలేదు.

అభ్యంతరాలు

క్రమం పట్ల అనుమానం కూడా క్రైస్తవంలో పుట్టినప్పటి నుంచీ ఉంది. మనుషులకు కనిపించాలని వీధి మూలల్లో ప్రార్థించడాన్ని, ఊరికే మాటలు పెంచడాన్ని యేసు తప్పుబట్టాడు (మత్తయి 6:5–7). పదిహేడో శతాబ్దపు క్వేకర్లు అచ్చు ప్రార్థనలు వదిలి, ఆత్మ ప్రేరేపించేదాకా మౌనంగా కూర్చున్నారు. ఆ కూర్చోవడానికి మాత్రం ఫలానా రోజు, ఫలానా వేళ అని పెట్టుకున్నారు. పారిస్ మఠం వంటింట్లో పనిచేసిన సహోదరుడు లారెన్స్ (1691లో మరణించాడు) తనకు ప్రార్థన వేళకూ పాత్రల సందడికీ తేడా లేదన్నాడు. ఆయన మాటను క్రమం అక్కర్లేదనడానికి తరచు వాడతారు. ఆయన ఉన్నది గంటకు లేచి గంటకు పడుకునే కార్మెలైట్ మఠంలో అన్నది ఆ వాదనలో జారిపోతుంది.

ఇప్పుడు గంట పని ఫోను చేస్తోంది. బైబిలు యాప్‌లు ఏడాది పఠన పట్టికలు, తప్పకుండా చదివిన రోజుల లెక్కలు చూపిస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో జూమ్ మీదికి వెళ్లిన ఉదయ ప్రార్థనలు కొన్ని సంఘాల్లో అక్కడే ఉండిపోయాయి. అమెరికాలోని తెలుగువారు అక్కడి రాత్రికి, ఇక్కడి తల్లిదండ్రులు ఇక్కడి పొద్దుటికి ఒకే కాల్‌లో కలుస్తున్నారు. ఇరవై నాలుగు గంటలకూ పేర్లు రాసుకుని నడిపే చైన్ ప్రేయర్లలో రాత్రి రెండు, మూడు గంటల వంతులు నిండడం కష్టం. వాట్సాప్‌లో పట్టిక పెట్టే అక్కలు ఆ వంతులను అమెరికా వాళ్లకు ముందే రాసేస్తున్నారు.